జోజిలా మీదుగా సొంత కారులో లద్దాఖ్: మొదటిసారి వెళ్లేవారి సందేహాలకు జవాబు

మీరు అడిగింది ఇది: జూన్ రెండో వారంలో హైదరాబాద్ నుంచి సొంత కారులో శ్రీనగర్ మీదుగా లేహ్ వెళ్లాలనుకుంటున్నారు. బండి మాన్యువల్ గేర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. వెంట భార్య, పదేళ్ల పాప, అరవై దాటిన అమ్మగారు. ఘాట్ రోడ్డు అనుభవం తిరుమల, అరకు వరకే. శ్రీనగర్, లేహ్‌ల మధ్య దాటాల్సిన జోజిలా కనుమ వీడియోలు చూసి ఇంట్లోవాళ్లు బెదిరిపోయారు. ఆ కనుమను ఈ కారు దాటగలదా, మీరు దాటించగలరా, లేక శ్రీనగర్‌లోనే కారు వదిలేసి టాక్సీ మాట్లాడుకోవాలా?

కారు దాటుతుంది. మీరూ దాటించగలరు. టాక్సీ అక్కర్లేదు. అయితే ఒక షరతు ఉంది. జోజిలాలో డ్రైవింగ్ నేర్పు కంటే వేళ ముఖ్యం. ఎన్ని గంటలకు కొండ ఎక్కడం మొదలుపెట్టారన్న దాన్నిబట్టే ఆ రోజు ఎలా గడుస్తుందో తేలిపోతుంది. ఈ దారిలో వసంతంలో వెళ్లాను, నడివేసవిలో వెళ్లాను, సెప్టెంబరులోనూ వెళ్లాను. తెల్లవారుజామున కొత్త డ్రైవర్లు హాయిగా దాటిన చోటే, మధ్యాహ్నం మూడింటికి తలపండిన లారీ డ్రైవర్లు గంటల తరబడి ఇరుక్కుపోవడం చూశాను. కింద రాసినదంతా చాలావరకు ఈ ఒక్క మాటకు వివరణే.

ముందు ఈ కనుమ ఆకారం తెలుసుకోండి. కనుమ అనగానే ఒక వైపు ఎక్కి, కొన చేరి, రెండో వైపు దిగడం అనుకుంటాం. జోజిలా అలా ఉండదు. సింధ్ నది (సింధు కాదు, జీలం ఉపనది) లోయలో ఉన్న సోనామార్గ్ ఎత్తు సుమారు 2,700 మీటర్లు. అది దాటాక బల్తాల్ దగ్గర కొండ ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. ఆ నిటారు కొండకు అడ్డంగా తొలిచిన దారిలో మలుపులు తిరుగుతూ 3,528 మీటర్లకు, అంటే సుమారు 11,575 అడుగులకు చేరతారు. పైకి చేరాక అలాంటి దిగుడు ఉండదు. గుమ్రి, మీనామార్గ్, మటాయన్, ద్రాస్‌ల మీదుగా వెడల్పాటి లోయలో ఏటి పక్కనే దారి మెల్లగా వాలుతూ పోతుంది. కొన ఎక్కడొచ్చిందో గమనించేలోపే దాన్ని దాటేసి ఉంటారు. కాబట్టి శ్రీనగర్ నుంచి లేహ్‌కు ఉన్న సుమారు 420 కిలోమీటర్లలో మిమ్మల్ని భయపెడుతున్నది నిజానికి బల్తాల్ మీది ఆ కొద్ది కిలోమీటర్లే. దానికి ముందూ తర్వాతా చక్కటి తారు రోడ్డు.

ఎత్తు కోసం భయపడుతుంటే ఆ భయం పక్కన పెట్టండి. ఇదే దారిలో తర్వాత వచ్చే ఫోటులా 4,108 మీటర్లు. అక్కడ మీ పాప కారులో నిద్రపోతూ దాటేస్తుంది. జోజిలా గడ్డుది కావడానికి కారణం మంచు, నీళ్లు, వదులు రాయి. పడమటి నుంచి వచ్చే తేమ గాలులు శీతకాలంలో తమ మంచునంతా ఈ గోడ మీదే కుమ్మరిస్తాయి. వేసవిలో అది కరిగి రోడ్డు మీదుగానే పారుతుంది. కాశ్మీర్ వైపు పైన్ చెట్లూ పచ్చికా, అటు ద్రాస్ వైపు చెట్టు జాడే లేని ఎర్రటి, బూడిదరంగు కొండలు. ఇంత మార్పు అంత తక్కువ దూరంలో ఎందుకో మొదటిసారి వెళ్లినవాళ్లు తప్పక అడుగుతారు. తేమంతా ఇవతలే ఆగిపోతుంది, అవతలకు మిగిలేది పొడి గాలే.

ఇక వేళ సంగతి. రాత్రి అక్కడ జూన్‌లో కూడా గడ్డకట్టే చలి పడుతుంది. దాంతో మంచు కరగడం తగ్గుతుంది, రోడ్డు మీద పారే నీళ్లు సన్నబడతాయి, బురద గట్టిపడుతుంది, వాలులో ఉన్న రాళ్లను మంచు పట్టి ఉంచుతుంది. ఎండ ఎక్కేకొద్దీ అంతా తిరగబడుతుంది. పదకొండు దాటితే పిల్లకాలువలు ఏరులవుతాయి. పొద్దున చక్రాల కింద కరకరలాడిన నేల మధ్యాహ్నానికి యాక్సిల్ దాకా లాగేసే రొచ్చుగా మారుతుంది. పట్టు వదిలిన రాళ్లు ఒక్కొక్కటిగా జారతాయి. దీనికి తోడు పర్యాటకుల రద్దీ. గుమ్రి దగ్గర జీరో పాయింట్ అనే చోట మంచులో ఆడుకోవడానికి సోనామార్గ్ నుంచి వందల టాక్సీలు బయల్దేరతాయి. అవి తొమ్మిది, పది గంటల మధ్య ఒకేసారి కొండెక్కుతాయి. మీరు వాటికంటే ముందే పైన ఉండాలి.

అందుకే శ్రీనగర్ నుంచి ఒక్క రోజులో కార్గిల్ చేరాలన్న ఆలోచన మానుకోండి. దూరం 200 కిలోమీటర్లే కనుక సాయంత్రానికి చేరవచ్చని లెక్కలు చెబుతాయి. కానీ శ్రీనగర్‌లో టిఫిన్ చేసి బయల్దేరిన బండి సరిగ్గా ఆ చెడ్డ వేళకే బల్తాల్ మీద ఉంటుంది. ముందురోజు సాయంత్రం సోనామార్గ్ చేరి అక్కడే పడుకోండి. శ్రీనగర్ నుంచి 80 కిలోమీటర్లు. 2025 జనవరి 13న సొరంగం ప్రారంభమయ్యాక గగన్‌గీర్ నుంచి సోనామార్గ్ వరకు దారి మరీ సులువైంది. ఆ సొరంగం పొడవు సుమారు ఆరున్నర కిలోమీటర్లు. అంతకుముందు మంచు చరియలు పడే అవకాశమున్న మెలికల దారిలో పోవాల్సి వచ్చేది.

సోనామార్గ్‌లో రాత్రి భోజనానికి ముందు ఒక పని తప్పకుండా చేయండి. జమ్ముకాశ్మీర్ ట్రాఫిక్ పోలీసులు మర్నాటి రాకపోకల వివరాలు ప్రతి సాయంత్రం ప్రకటిస్తారు. కార్లను ఏ వైపు నుంచి ఏ గంట వరకు వదులుతారు, లారీలు ఏ వైపు నుంచి వస్తాయి అన్నవి అందులో ఉంటాయి. వేళలు తరచూ మారుతుంటాయి కనుక నేను చెప్పిన గంటలనో, పాత వీడియోల్లో విన్నవాటినో నమ్ముకోకండి. ఆ రోజు ప్రకటన చదివి, హోటల్లో స్థానిక డ్రైవరు ఎవరైనా కనబడితే ఆయన్నీ అడగండి. గేటు తెరిచే వేళకు మొదటి వరుసలో ఉండండి. రాత్రి గట్టిగా వాన పడితే మాత్రం అడుగు ముందుకు వేయవద్దు. ఇందుకోసమే మీ ప్రణాళికలో ఒక ఖాళీ రోజు ఉంచుకోవాలి. ఆ రోజు అక్కర్లేకపోతే లేహ్‌లో వాడుకోవచ్చు. అక్కర్లేదనుకుని అసలు పెట్టుకోనివారే వానలో కొండెక్కే సాహసం చేస్తారు. జోజిలాలో జరిగే ప్రమాదాల వెనుక తొందర ఉంటుందని నా గట్టి నమ్మకం.

జూన్ రెండో వారం గురించి కూడా అడిగారు. మంచి సమయమే, ఒక్క నీటి బెడద తప్ప. కరుగుదల జోరుగా ఉండే రోజులవి. గుమ్రి వైపు రోడ్డు పక్కన ఇంకా మంచు ఉంటుంది, పాపకు సంబరం. అమర్‌నాథ్ యాత్ర సాధారణంగా జులై మొదట్లో మొదలవుతుంది. బల్తాల్ ఆ యాత్రకు ఒక స్థావరం కాబట్టి ఆ రోజుల్లో బందోబస్తు, కాన్వాయ్‌లు, ఆంక్షలు ఎక్కువ. మీరు దానికి ముందే వెళ్తున్నారు, సంతోషం. నన్నడిగితే అన్నిటికంటే సెప్టెంబరు మేలు, నీళ్లు తగ్గిపోతాయి. కానీ పాప బడి ఉంటుంది కదా. ఏప్రిల్‌లో వెళ్లాలనుకునేవారికి ఒక మాట: ఒకప్పుడు ఈ కనుమ నవంబరు నుంచి ఏప్రిల్, మే వరకు మూతబడి ఉండేది. సరిహద్దు రహదారుల సంస్థ ఇప్పుడు యంత్రాలతో మంచు తొలగించి చాలా త్వరగా తెరుస్తోంది. 2025లో 32 రోజుల మూత తర్వాత ఏప్రిల్ 1న తెరిచారు. తెరిచారంటే దారి సిద్ధమైందని కాదు. రెండు వైపులా బస్సును మించిన మంచు గోడల మధ్య, జారే ఐసు మీద నడపాలి. అది అనుభవం ఉన్నవారి పని.

ఇప్పుడు స్టీరింగ్ దగ్గరకు వద్దాం. మీకు తిరుమల అలవాటు ఉంది కనుక ఒక తేడా ముందే చెప్పాలి. తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వేసిన రెండోది ఎక్కడానికి. అందువల్ల ఎన్నేళ్లు తిరుమలకు కారులో వెళ్లినా ఘాట్‌లో ఎదురుబండిని తప్పించే అలవాటు అబ్బదు. జోజిలాలో అసలు విద్య అదే. ఒకవైపు ట్రాఫిక్ వేళల్లో కూడా సైన్యం బండ్లు, రోడ్డు పనుల లారీలు, అంబులెన్సులు ఎదురొస్తాయి. అరకు వెళ్లేటప్పుడు అనంతగిరి ఘాట్‌లో ఎదురుబండ్లు తగిలి ఉంటాయి, ఆ అనుభవమే మీకు ఎక్కువ పనికొస్తుంది. బయల్దేరేముందు శ్రీశైలం వైపు దోర్నాల ఘాట్‌లోనూ ఒకసారి ఎక్కి దిగండి.

ఎక్కేటప్పుడు మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. సోనామార్గ్ వైపు నుంచి పోతుంటే మలుపులు దాటాక వచ్చే ఆ పొడవాటి అడ్డదారిలో కొండ మీ ఎడమ పక్కన, లోయ కుడి పక్కన ఉంటుంది. మనం ఎడమ పక్క నడుపుతాం కాబట్టి కొండను ఆనుకుని పోతారు. రోడ్డు ఇరుకైతే, వాలులో దిగే బండి ఆగి ఎక్కే బండికి దారి ఇవ్వాలని మోటారు వాహనాల నియమాలే చెబుతున్నాయి. అలాగని ఎదురుగా లోడు లారీ వస్తుంటే హక్కుల గురించి ఆలోచిస్తూ కూర్చోకండి. రోడ్డు వెడల్పుగా ఉన్న చోటు కనబడగానే కొండ పక్కకు ఒదిగి ఆగండి. అలాంటి చోట్లు ప్రతి మలుపుకూ ఉంటాయి. ముందు వంద మీటర్లు చూస్తూ, తర్వాత ఎక్కడ ఆగవచ్చో ఎప్పుడూ మనసులో పెట్టుకుని నడపాలి. ముందు బండికి అతుక్కుపోకండి. అది వాలులో ఆగి, జారి, వెనక్కి వస్తే మీకు చోటుండాలి. కనీసం మూడు కార్ల ఖాళీ వదలండి. ఆ ఖాళీలో ఎవరైనా దూరితే దూరనివ్వండి.

మొదటి గేరులోనే పోండి. రెండో గేరు వేసి క్లచ్ సగం తొక్కిపట్టి లాగించడం మన నగర ట్రాఫిక్‌లో అలవాటైన పద్ధతి. ఇక్కడ అలా చేస్తే పావుగంటలో క్లచ్ ప్లేటు కాలిన వాసన కారంతా నిండుతుంది. ఎత్తు మీద గాలి పలచబడి టర్బో లేని పెట్రోలు ఇంజను ప్రతి వెయ్యి అడుగులకు సుమారు మూడు శాతం బలం కోల్పోతుంది. అంటే జోజిలా పైన మీ ఇంజను మూడింట రెండు వంతుల బలంతోనే పనిచేస్తున్నట్టు. యాక్సిలరేటర్ తొక్కినా బండి లేవకపోతే చెడిపోయిందని కంగారు పడకండి. ఏసీ ఆపేయండి. వాలులో ఆగితే హ్యాండ్‌బ్రేకు లాగి, కదిలేటప్పుడు ఇంజను లాగడం తెలిశాకే దాన్ని వదలండి. ఈ ఒక్కటీ మీకు నిద్రలో కూడా రావాలి. ఇంటి దగ్గర ఏదైనా ఫ్లైఓవరు వాలు మీద, రద్దీ లేని వేళ సాధన చేయండి.

బురద, నీళ్లు దాటేటప్పుడు పాటించేది ఒకటే: ఆగకూడదు, వేగం పెంచకూడదు. ముందు దిగకుండా వేరే బండి ఎక్కడ దాటుతోందో, దాని చక్రం ఎంత మునుగుతోందో గమనించండి. ఆ బండి పూర్తిగా అవతలికి చేరాకే మీరు దిగాలి. మొదటి గేరు, కాలు ఒకేలా, స్టీరింగ్ వదులుగా. నీటి కింద రాయి తగిలి చక్రం పక్కకు తిరిగితే దాంతో కుస్తీ పట్టకండి, బండి దానంతటదే సర్దుకుంటుంది. రోడ్డు మీద పెద్ద రాయి కనబడితే దాన్ని రెండు చక్రాల మధ్య నుంచి పోనిస్తే హ్యాచ్‌బ్యాక్ అడుగున ఆయిల్ ట్రేకు తగులుతుంది. చక్రాన్నే మెల్లగా రాయి మీదికి ఎక్కించండి. వీలైతే అమ్మగారు తప్ప మిగిలినవారు ముందుకు నడిచి, బండి తేలికయ్యాక దాటించడం ఇంకా మంచిది.

శైతానీ నాలా, అంటే సైతాను వాగు, అని ఒక చోటు ఉంది. పేరుకు తగ్గదే, మంచు చరియలు తరచూ పడే గండి. కెప్టెన్ మోడ్ అనే మలుపు మరొకటి. ఈ రెండు చోట్లా ఫొటోల కోసం ఆగవద్దు. పైనుంచి చిన్న గులకరాళ్లు రాలుతుంటే, ఎక్కడైనా సరే, ఆగకుండా ఆ చోటు దాటేయాలి, లేదా బాగా వెనుకే ఆగాలి. సరిగ్గా కింద నిలబడి పైకి చూడటం మాత్రం వద్దు.

ఆగి చూడాల్సిన చోటు వేరే ఉంది. సగానికి పైగా ఎక్కాక రోడ్డు వెడల్పయ్యే చోట బండి ఆపితే, మీ కాళ్ల కింద బల్తాల్ మైదానం కనిపిస్తుంది. సింధ్ నది తెల్లటి పాయలుగా చీలి పోతుంటుంది. యాత్ర రోజుల్లో అయితే రంగురంగుల గుడారాలు వందలకొద్దీ. మీరు ఎక్కి వచ్చిన దారి ఆ కొండ ఒడిలో మడతలు మడతలుగా కనిపిస్తుంది. అమ్మగారిని కూడా దింపి చూపించండి. వీడియోల్లో భయపెట్టిన దారి ఇదేనా అని ఆమే ఆశ్చర్యపోతారు.

అక్కడ నిలబడినప్పుడు 1948 గుర్తుచేసుకోండి. అప్పుడిది గుర్రాలు, గాడిదలు నడిచే బాట. శతాబ్దాలుగా లేహ్ నుంచి పష్మినా ఉన్ని, మధ్య ఆసియాలోని యార్కండ్ సరుకులు కాశ్మీర్‌కు వచ్చిన దారి. 14వ శతాబ్దంలో లద్దాఖీ రాకుమారుడు రించన్ ఈ వైపు నుంచే కాశ్మీర్ చేరి చివరికి అక్కడి సింహాసనమే ఎక్కాడు. 1948లో పాకిస్తాన్ వైపు బలగాలు ఈ కనుమను, ద్రాస్‌ను, కార్గిల్‌ను పట్టుకోవడంతో లేహ్‌కు నేల దారి తెగిపోయింది. కాల్బలంతో చేసిన దాడి ఫలించలేదు. అప్పుడు మేజర్ జనరల్ తిమ్మయ్య ఎవరూ ఊహించని పని తలపెట్టారు, ఈ గోడ మీదికి ట్యాంకులు ఎక్కించడం. 7వ కావల్రీకి చెందిన స్టువర్ట్ ట్యాంకులను, శత్రువుకు ఆనవాలు తెలియకుండా పైన ఫిరంగి ఉండే టరెట్లు విప్పి తీసుకొచ్చారు. బల్తాల్ నుంచి పైకి గుర్రపు బాటను ట్యాంకు పట్టేంత వెడల్పు చేసింది సైన్యంలోని ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్లు, మేజర్ తంగరాజు నాయకత్వంలో. శత్రువుల తూటాల మధ్య, గడ్డకట్టే చలిలో చేశారు ఆ పని. నవంబరు 1న మంచు కురుస్తుండగా ట్యాంకులు గుమ్రిలోకి దూసుకెళ్లాయి. అంత ఎత్తున ట్యాంకులు కదనానికి దిగడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆ నెలాఖరులోపే ద్రాస్, కార్గిల్ తిరిగి చేతికొచ్చాయి, లేహ్ దక్కింది.

మద్రాస్ సాపర్లంటే దక్షిణాది బిడ్డలు. ఆ దళంలో తమిళులు, మలయాళీలు, కన్నడిగులతో పాటు తెలుగువారూ ఉంటారు. మంచు అన్నది ఎన్నడూ చూడని ఊళ్ల నుంచి వెళ్లి ఆ బాట తొలిచారు. ఈ సంగతి తెలియకుండా ఆ దారిలో పోవడం నాకు బాధ కలిగిస్తుంది. అందుకే అడగకపోయినా రాశాను. పాపకు తప్పకుండా చెప్పండి.

ఇప్పటికీ ఆ రోడ్డును నిలబెడుతున్నది చేతులే. రోడ్డు పక్కన ముఖాలకు గుడ్డ చుట్టుకుని పారలతో బురద ఎత్తిపోస్తూ కనిపించే కూలీల్లో చాలామంది జార్ఖండ్‌లోని దుమ్కా వైపు నుంచి వచ్చినవారు. బండి నెమ్మది చేయండి, వారి మీద నీళ్లు చిందనివ్వకండి. కొన్ని మంచినీళ్ల సీసాలు, బిస్కెట్లు అదనంగా ఉంచుకుని ఇచ్చినా బాగుంటుంది. లారీ డ్రైవర్లను కూడా శత్రువుల్లా చూడవద్దు. ముందున్న లారీ డ్రైవరు కిటికీలోంచి చేయి ముందుకు ఊపితే దాటమని అర్థం, అరచేయి నిలువుగా చూపితే ఎదురు బండి ఉందని అర్థం. అద్దంలో మిమ్మల్ని చూసి, చోటు దొరికిన వెంటనే పక్కకు జరుగుతారు. ఆ సైగ అందేవరకు వెనుకే ఉండండి. కుడి ఇండికేటరు ఒక్కటే చూసి మాత్రం దాటకండి, ఆయన నిజంగానే కుడికి తిరుగుతుండవచ్చు. సైనిక కాన్వాయ్ ఎదురైతే మొత్తం పోయేదాకా ఆగాలి, మధ్యలో దూరకూడదు.

కారు సంగతి క్లుప్తంగా. బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిల్, క్లచ్, టైర్లు బయల్దేరేముందు చూపించండి. స్టెప్నీ గాలి మరవద్దు. పెట్రోలు శ్రీనగర్‌లో నిండా పోయించండి, మళ్లీ కార్గిల్‌లో. పైన క్యారియర్ వేసి సామాను ఎత్తకండి, హ్యాచ్‌బ్యాక్‌కు నలుగురే బరువు. వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్ముకాశ్మీర్‌లో, లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఇది చదివి శ్రీనగర్‌లో అద్దె కారు తీసుకుని తామే నడుపుకుంటూ వెళ్దామనుకునేవారికి ఒక హెచ్చరిక: బయటి అద్దె కార్లను లద్దాఖ్‌లో తిరగనివ్వరు. స్థానిక టాక్సీ సంఘాలు మధ్యలోనే దింపేస్తాయి. సొంత పేరున్న కారైతే ఏ అడ్డూ లేదు.

అమ్మగారి విషయంలో శ్రీనగర్ దారి ఎంచుకోవడం చాలా మంచి నిర్ణయం. 2,500 మీటర్లు దాటాక ఎత్తు వల్ల తలనొప్పి, వికారం మొదలయ్యే అవకాశం ఉంటుంది. ఈ దారి శరీరానికి అలవాటుపడే వ్యవధి ఇస్తుంది. సోనామార్గ్‌లో ఒక రాత్రి, జోజిలా దాటడం కొన్ని గంటలే, మళ్లీ 2,676 మీటర్ల కార్గిల్‌లో రాత్రి. ఎత్తుకు వెళ్లి కిందికి వచ్చి పడుకోవడం కంటే మంచి అలవాటు లేదు. బీపీ, షుగరు, గుండె సమస్య ఉంటే బయల్దేరడానికి చాలా ముందే వైద్యుణ్ని కలవండి. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది కూడా ఆయనే చెప్పాలి. జోజిలా మీద పాపను బాధించేది ఎత్తు కంటే మలుపుల వల్ల వచ్చే వాంతులు. పొద్దున పరగడుపున వద్దు, కడుపు నిండా కూడా వద్దు. రెండు ఇడ్లీలంత ఏదైనా తినిపించి ముందు సీటులో కాకుండా వెనుక మధ్యలో, దారి కనిపించేలా కూర్చోబెట్టండి. దుమ్ము బాగా లేస్తుంది, అందరికీ మాస్కులు ఉంచండి. మరుగుదొడ్డి అవసరాలు సోనామార్గ్‌లో తీర్చుకుంటే తర్వాత మీనామార్గ్, ద్రాస్‌లే.

మీనామార్గ్ తనిఖీ కేంద్రంలో బండి వివరాలు, గుర్తింపు కార్డులు అడుగుతారు. అక్కడి నుంచి రోడ్డు విశాలం. ద్రాస్‌లో తొలోలింగ్ పాదం దగ్గర కార్గిల్ యుద్ధ స్మారకం ఉంది. 1999లో ఆ శిఖరం మీద కూర్చున్నవారికి మీరు ఇప్పుడు నడుపుతున్న రోడ్డు అరచేతిలో ఉన్నట్టు కనిపించింది. ఆ యుద్ధంలో ప్రాణాలర్పించి మహావీర చక్ర పొందిన మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాద్‌కు చెందినవారే. స్మారకం గోడ మీది పేర్ల ముందు కాసేపు నిలబడండి. దాని కోసం కనీసం రెండు గంటలు ఉంచుకోండి. టైగర్ హిల్ అక్కడి నుంచే కనిపిస్తుంది.

మీరు చివర్లో అడిగారు, సొరంగం పూర్తయ్యాక వెళ్లడం మేలు కదా అని. బల్తాల్ నుంచి మీనామార్గ్ వరకు 13 కిలోమీటర్లకు పైగా పొడవున జోజిలా సొరంగం తవ్వుతున్నారు. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ 2020 అక్టోబరులో పని మొదలుపెట్టింది. అది తెరిస్తే గంటల ప్రయాణం పావుగంట, ఇరవై నిమిషాలకు తగ్గుతుంది. ద్రాస్‌లో ప్రసవ వేదన పడే తల్లికి, చలికాలంలో కూరగాయలు అందని ఊరికి అది ప్రాణం పోసేదే, త్వరగా పూర్తి కావాలని మనసారా కోరుకుంటున్నాను. కానీ మనాలీ వైపు 2020లో అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ మీదుగా లేహ్ వెళ్లేవారు దాదాపు లేకుండా పోయారు. ఇక్కడా అదే జరుగుతుంది. కనుమను కనుమగా దాటే అవకాశం మీకు ఇప్పుడుంది. వాయిదా వేయవద్దు.

తిరుగు ప్రయాణం కూడా ఇటే అయితే కార్గిల్‌లో చీకటితోనే లేవండి, ద్రాస్ వైపు వేళలు వేరుగా ఉంటాయి. ఈసారి లోయ పక్కన మీరుంటారు, కాబట్టి ఎదురు బండికి దారివ్వడానికి అంచుకు జరగకండి. వెడల్పు చోటులో ముందే ఆగి వాళ్లను పోనివ్వండి. ఎక్కినప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ అదే. న్యూట్రల్ మాట తలపెట్టవద్దు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, నొక్కి వదిలి, నొక్కి వదిలి దిగండి. కాలిన వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా వెంటనే ఆగి అరగంట చల్లారనివ్వండి. డిస్కుల మీద నీళ్లు పోయకూడదు, పగులుతాయి. అలా వేడెక్కిన వెంటనే హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి వదిలేయకుండా, బండిని మొదటి గేరులో ఉంచి చక్రాల కింద రాళ్లు పెట్టండి. కదిలే ముందు ఆ రాళ్లు తీసి రోడ్డు పక్కకు వేయడం మరవద్దు, వెనుక వచ్చేవారి టైర్లకు తగులుతాయి.